ఒకే డబ్బాలో రెండు చేల కాయ

మా ఆయన రాము గుంటూరు మిరప యార్డులో కమీషన్ వ్యాపారి. మిరపకాయలు కూరిన గోనె టిక్కీ కనిపిస్తే చాలు, ఆయన చెయ్యి మోచేతి దాకా అందులోకి దిగిపోతుంది. పైన పరిచిన కాయ ఎంత ఎర్రగా నవ్వినా నమ్మడు. అడుగు నుంచి గుప్పెడు తీసి, విరిచి, వాసన చూసి, గింజ గలగలమంటోందో లేదో చెవి దగ్గర ఆడించి, అప్పుడు పెదవి విప్పుతాడు. పెళ్లిచూపుల్లో కాజా కూడా పళ్లెం అడుగు నుంచే తీశాడని మా అమ్మ ఇప్పటికీ చెప్పుకుంటుంది.

అదే మనిషి కారు సామాను మాత్రం ఫోన్లో బొమ్మ చూసి కొంటాడు.

కారు మాది సెకండ్ హ్యాండే. ఎర్రది, చిన్నది, టర్బో ఇంజిన్‌ది. యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం తను ఆలోచిస్తుంది, ఆ తరవాత మనల్ని ఆలోచించనివ్వదు. కంపెనీవాళ్లు ఏళ్ల తరబడి లెక్కలు కట్టి తయారుచేసిన ఆ బండిని మా ఆయన ఆదివారాలు కూర్చుని బాగుచెయ్యడం మొదలుపెట్టాడు. ముందు సైలెన్సర్ మారింది. కొత్తది పెట్టాక బండి సందు మలుపు తిరగ్గానే ఎదురింటి మదార్‌బీగారు బిందెలతో బయటికొచ్చి, "నీళ్ల ట్యాంకరు అనుకున్నానమ్మా" అంటూ మళ్లీ లోపలికి వెళ్లేవారు. తరవాత గరాటు ఆకారంలో, చుట్టూ డబ్బా లేని ఎయిర్ ఫిల్టర్ వచ్చింది. ఇంజిన్ గాలి బాగా పీల్చుకుంటుందట. పీల్చుకుంది. పత్తి ట్రాక్టర్ల వెనకా, మిరప కళ్లాల పక్కనా తిరిగే బండి కదా, నెల తిరక్కుండా ఆ ఫిల్టరు దూది కూరిన దిండులా తయారైంది. మెకానిక్ అనీస్ దాన్ని ఊడదీసి గాలిపైపు పెట్టి ఊదాడు. ఏటుకూరు రోడ్డులో ఆ గ్యారేజీకి అటూ ఇటూ ఉన్న కొట్లన్నీ తుమ్మాయి.

మూడోది వెనక తలుపు మీద నల్ల రెక్క.

"ముందు చక్రాలు లాగే బండికి వెనకాల రెక్క ఎందుకండీ?" అన్నాను. నేను బీఎస్సీ ఫిజిక్సు. ఇంట్లో ఆ చదువుకి అంతకంటే వాడకం దొరకదు.

"లుక్కోయ్" అన్నాడు.

లుక్కుకి ఫిజిక్సులో సూత్రం లేదు. ఊరుకున్నాను.

ఇంతవరకూ ఇదంతా నాకు వినోదమే. ఫిబ్రవరిలో ఒకరోజు ఆయన అన్నం ముందు కూర్చుని, ముద్ద కలపకుండా ఫోన్ చూసి నవ్వుకోవడం మొదలుపెట్టాడు. చీరాల అవతల, వాడరేవు దారిలో మూతపడిన రొయ్యల మేత ఫ్యాక్టరీ ఒకటుంది. లారీలు తిరగడానికి లోపల వేసిన సిమెంటు రోడ్లు ఇంకా గట్టిగానే ఉన్నాయి. కార్ల క్లబ్బువాళ్లు స్థలం సొంతదారుని ఒప్పించి, ఆ రోడ్ల మీద నారింజ రంగు కోన్లు పెట్టి, ఒక్కొక్క బండినే వదిలి, ఎవరు ఎంత త్వరగా చుట్టి వస్తారో చూస్తారట. వచ్చే ఆదివారమే. మా ఆయనకీ అందులో చోటు దొరికింది.

"కాలేజీ రోజుల నించీ అనుకుంటున్నా లక్ష్మీ" అన్నాడు.

ఆ మాట నిజం. డిగ్రీ పరీక్షలు పూర్తికాకముందే మామగారు పోతే, తెచ్చుకున్న రేసింగ్ పత్రికలన్నీ అటక మీద పడేసి కొట్లో కూర్చున్న మనిషి. చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశాడు, ఇల్లు కట్టాడు. తన కోసమని ఆయన నోరు తెరిచి కోరుకున్నది ఇదొక్కటే. అందుకే వద్దనే మాట నా నోట రాలేదు. కానీ ఫోన్లో ఆ రోడ్ల బొమ్మ చూపించాడు. ఒక పక్క పొడుగాటి తిన్నని రోడ్డు, దాని చివర కుడివైపు మలుపు, మలుపు దాటితే సరుగుడు తోట.

"అంత వేగంగా వెళ్లి, అక్కడ ఆగాలి కదండీ?"

"అందుకేగా, బ్రేకులకి ఆర్డరు పెట్టేశా. రేసు ప్యాడ్లు. సగం ధరకే పడ్డాయి."

"సగం ధరకి తేజ రకం మిరపకాయ ఎవరన్నా ఇస్తానంటే కొంటారా మీరు?"

"అది వేరు."

డబ్బా సోమవారం వచ్చింది. నల్లగా నిగనిగలాడుతూ, బంగారు అక్షరాలతో, పెళ్లికార్డులా ఉంది. దాని మీదున్న నంబరుని ఆ కంపెనీవాళ్ల వెబ్‌సైట్లో కొట్టి చూశాను. అలాంటి సరుకు తమ దగ్గర లేదని వాళ్లు మర్యాదగానే చెప్పారు. ఆ సంగతి మా ఆయనకి చూపిస్తే, "సర్వర్ డౌనయ్యుంటుంది" అన్నాడు. ఇంకోసారి చెప్పబోతే, "నువ్వు చదివింది ఫిజిక్సు లక్ష్మీ, మెకానిక్కు పని కాదు" అన్నాడు. బుధవారం సాయంత్రం అనీస్ వచ్చి బండి తీసుకెళ్లి ప్యాడ్లు బిగించాలని నిర్ణయమైపోయింది.

నాకు కావలసింది రెండే. ఆ ప్యాడ్లు బండికి ఎక్కకూడదు. ఆయన ఆదివారం ఆగిపోకూడదు. ఒకటి సాధిస్తే రెండోది చెడేలా ఉంది. భార్య చెబితే వినని మగవాడు ఎవరు చెబితే వింటాడో భార్యకి తెలియకపోతే ఆ కాపురం ఎందుకు? బుధవారం సాయంత్రం కోటిలింగం బాబాయిగారిని కాఫీకి పిలిచాను.

కోటిలింగంగారు మా మామగారి స్నేహితుడు. యార్డులో అంతటి అనుమానపు మనిషి ఇంకొకరు లేరు. కారు నడపడం రాదు, స్కూటరూ రాదు. కానీ సరుకు అన్న మాట చెవిన పడితే పరీక్ష చెయ్యకుండా ఉండలేడు. మా ఇంట్లో ఇడ్లీ కూడా తిరగేసి చూసే తింటాడు.

"బాబాయిగారూ, మీ రాముకి కొత్త సరుకొచ్చింది. ఒకసారి చూస్తారా?" అంటూ డబ్బా ఆయన ముందు పెట్టి, కాఫీ కలుపుతానని వంటింట్లోకి వెళ్లాను. కాఫీ అప్పటికే కలిపి ఉంది. గుమ్మం పక్కన నిలబడ్డాను.

"ఇదేం సరుకే అమ్మాయ్?"

"కారు బ్రేకుల్లో వేసే ప్యాడ్లండీ. చక్రాన్ని గట్టిగా పట్టుకుని ఆపేవి ఇవే."

"ఏ రకం?"

"మేలిరకమని డబ్బా మీద రాశారు."

"డబ్బా మీద రాతదేముందే, టిక్కీ మీదా రాస్తారు."

ఇక ఆగలేదు. డబ్బాని బోర్లించాడు. మూత వైపు చూడనే లేదు, అడుగు అట్ట చింపి, అన్నిటికంటే కింద ఉన్న ప్యాడ్ బయటికి లాగాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. రెండోది తీసి రెండిటినీ టకటకమని కొట్టి, తల వంచి విన్నాడు. తరవాత నల్లటి ముఖం మీద బొటనవేలి గోరు పెట్టి ఒక్క గీత గీశాడు. గోటి కిందికి బూడిదలాంటి పొడి చేరింది.

"రాలుతోందే ఇది! కాటా ఉందా?"

కేకుల పిండి తూచే చిన్న కాటా నా చేతిలోనే ఉంది. తెచ్చి బల్ల మీద పెట్టాను. బాబాయిగారు ఒకటి పెట్టి తీశాడు, ఇంకొకటి పెట్టాడు. మళ్లీ మొదటిది పెట్టాడు.

"ఈ రెండూ ఒకటేనా, వేరు వేరా?"

"ఎడమ చక్రానికొకటి, కుడి చక్రానికొకటి అండీ. అచ్చం ఒకేలా ఉండాలి."

"ఒకేలా ఎక్కడే తల్లీ? ఇది బరువు, అది తేలిక. ఒకే డబ్బాలో రెండు చేల కాయ కలిపాడు, దొంగ వెధవ!"

సరిగ్గా అప్పుడే మా ఆయనా, అనీసూ లోపలికొచ్చారు. బల్ల మీద అడుగు చిరిగిన డబ్బా, కాటా, నల్ల పొడి, వాటి వెనక కోటిలింగం బాబాయి. మా ఆయన ముందు నన్ను చూశాడు. నేను కాఫీ అందించాను.

"బాబాయ్, అది మిరపకాయ కాదు. ఇంజినీరింగు."

"ఇంజినీరింగుకి కాటా ఉండదేంట్రా? ఎక్కడ కొన్నావు?"

"ఆన్‌లైన్‌లో."

"చూసే కొన్నావా?"

"చూశాను..."

"ఏం చూశావు?"

"బొమ్మ."

బాబాయిగారు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "బొమ్మ చూసి కొన్నావా" అని, ఇంట్లో ఎవరో పోయినట్టు మెల్లిగా అన్నాడు. "మీ నాన్న లేడు, నయం."

"నువ్వన్నా చెప్పరా అనీసూ" అని మా ఆయన అతని వైపు తిరిగాడు.

అనీస్‌కి చప్పుడంటే ప్రాణం. ఆ సైలెన్సర్ అతని సలహాయే. కానీ ఇప్పుడు మెడ రుద్దుకుంటూ, "అన్నా, సైలెన్సర్‌లో తేడా వస్తే జనం తిడతారు. బ్రేకులో తేడా వస్తే తిట్టడానికి మనముండం" అన్నాడు.

మా ఆయన బల్ల దగ్గరికి వచ్చాడు. డబ్బాలో మిగిలిన ప్యాడ్లలోంచి ఒకటి తీశాడు. అడుగున ఉన్నదే తీశాడు. గోరు పెట్టాడు. పొడి రాలింది. వెనక రేకు పట్టుకుని కొంచెం వంచి చూశాడు. నల్ల ముద్దకీ రేకుకీ మధ్య వెంట్రుక పట్టేంత సందు కనిపించింది. నోరు ఎంత వాదించినా ఆయన వేళ్లు కల్తీని ఒప్పుకోవు. ప్యాడ్ బల్ల మీద పెట్టి, లోపలికెళ్లి, చొక్కా మార్చుకోకుండానే పడుకున్నాడు.

"ఆదివారం నేను వెళ్లట్లేదు" అని గదిలోంచి వినిపించింది.

ఒకటి సాధిస్తే రెండోది చెడింది.

"ఎందుకు వెళ్లరు? మంచివి కొందాం. ఇంకా టైముంది."

"ప్యాడ్ల గురించి కాదు లక్ష్మీ. రేపు పొద్దున్నే యార్డంతా తెలిసిపోతుంది. రాము అడుగు చూడకుండా సరుకు కొన్నాడని! రైతు కాయ తెస్తే నేను చెయ్యి పెడుతుంటే, పక్కనించి నవ్వుతారు. ఇంక ఆ కారు మొహం చూడను. అమ్మేద్దాం."

కోటిలింగంగారి నోటికి తాళం లేదన్న సంగతి నిజమే. ఆ ముక్క నా లెక్కలోకి రాలేదు. మరుసటి రోజు మా ఆయన కారు ఇంట్లోనే వదిలి, మొహం వేలాడేసుకుని యార్డుకి వెళ్లాడు. ఆయనటు వెళ్లగానే అనీస్‌ని పిలిచి, విజయవాడ బయల్దేరాను. మంచి ప్యాడ్లు ఇంట్లో ఉంటే ఆయన మనసు మారొచ్చు. లేకపోతే మారడానికి ఏమీ ఉండదు.

బండి నేనే నడిపాను. అనీస్ పక్క సీట్లో పై పిడి పట్టుకుని కూర్చున్నాడు.

"వదినా, ట్యాంకరు కొంచెం నెమ్మదిగా..."

"నీ సైలెన్సరే కదయ్యా, విను మరి."

కంపెనీ డీలరు కొట్టు బందరు రోడ్డు వెనక సందులో ఉంది. కౌంటర్లో కూర్చున్నాయన నన్ను చూసి అనీస్‌తో మాట్లాడాడు. అనీస్ నావైపు చూపించాడు. కొట్టాయన పూర్తి రేసు ప్యాడ్లు నా ముందు పెట్టాడు. వద్దన్నాను. అవి బాగా వేడెక్కితే గానీ పట్టవని రాత్రంతా చదివాను. పొద్దున్నే గుంటూరు శంకర్ విలాస్ సెంటర్లో ఆటో అడ్డం వస్తే, మా బ్రేకులు వేడెక్కేదాకా కాస్త ఆగమని ఆటోవాడితో చెప్పలేం కదా. వీధిలోనూ పనిచేసి, కాసేపు గట్టిగా తొక్కినా తట్టుకునే రకం అడిగి, డబ్బా మీది నంబరు అక్కడే ఫోన్లో సరిచూసి, బిల్లు తీసుకున్నాను. ఎక్కువ వేడికి మరగని బ్రేకు ఆయిలూ తీసుకున్నాను.

"ఇవి కూడా తీసుకోండి మేడమ్. ఎర్ర మూతలు. బ్రేకుల మీద పెడితే పెద్ద రేసు కారులా కనిపిస్తుంది."

"పెడితే బండి త్వరగా ఆగుతుందా?"

"ఆగదు మేడమ్. కనిపిస్తుంది."

నిజాయితీగల మనిషి. కొనకుండానే దణ్ణం పెట్టి వచ్చాను.

సాయంత్రం మా ఆయన ఇంటికొచ్చాడు. పొద్దున వేలాడిన మొహం ఇప్పుడు ఎటు తిరగాలో తెలియక మధ్యలో ఆగింది.

"ఏమైందండీ? నవ్వారా?"

"నన్నెవరూ పట్టించుకోలేదే!" అన్నాడు, కొంచెం నొచ్చుకున్నట్టు. కోటిలింగంగారు పొద్దున్నే యార్డులో కథ చెప్పిన మాట నిజమే. కానీ ఆ కథలో హీరో బాబాయిగారే. కారు బ్రేకుల్లో కల్తీ పట్టిన మొనగాడు! ఎవరి ఇంట్లో పట్టాడో ఎవరూ అడగలేదు. అందరికీ తమ తమ సామాను మీద అనుమానం పుట్టింది. మధ్యాహ్నానికి ఆయన కొట్టు ముందు వరస. ఒకరు హెల్మెట్, ఒకరు మిక్సీ జారు, ఒకరు ఫోన్ ఛార్జరు. బాబాయిగారు అన్నిటినీ బోర్లించి, వాసన చూసి, కాటా మీద పెట్టి తీర్పులిస్తున్నాడట. ఛార్జరుని ఎందుకు తూచారని అడిగితే, "తూస్తే తప్పేంట్రా?" అన్నాడట.

"హమాలీ మేస్త్రీ జక్రయ్య మోటార్‌సైకిలు బ్రేకు షూలు తెచ్చి నాకు చూపించాడు లక్ష్మీ. వాడివీ రాలుతున్నాయి. తీసేయించాను. పైకి నిగనిగలాడే డబ్బా ఏదైనా నమ్మకురా అని చెప్పాను."

"చెప్పారా?"

"చెప్పాను" అని ఆయన నావైపు చూసి, ఇక ఆపుకోలేక నవ్వేశాడు. "కాటా ముందే చేతిలో పట్టుకుని నిలబడ్డావు కదూ?"

సమాధానంగా కొత్త డబ్బా ఆయన ముందు పెట్టాను. బోర్లించి, అడుగు నుంచి తీశాడు. గోరు జారింది, గీత పడలేదు. రెండిటినీ కాటా మీద పెట్టాడు. మళ్లీ మళ్లీ పెట్టాడు. తరవాత పసిపిల్లని పడుకోబెట్టినట్టు వాటిని డబ్బాలో సర్దాడు.

ఆ తరవాత ఆయన్ని ఆపడం నా వల్ల కాలేదు. శుక్రవారం గ్యారేజీలో బండి మొత్తాన్ని టిక్కీని గుమ్మరించినట్టు గుమ్మరించాడు. బ్రేకు ఆయిలు మూత తీస్తే పాతది ఇరానీ చాయ్ రంగులో ఉంది. "తేమ పట్టిన కాయ ఇది, వేడి తగిలితే ఉడుకుతుంది" అని తనే తీసేయించాడు. టైర్ల పక్కన అచ్చు వేసిన తారీఖులు చూశాడు. వాటికింకా పాలపళ్ల వయసే. ఊరుకున్నాడు. గరాటు ఫిల్టరు పోయి, కంపెనీ ఇచ్చిన డబ్బా ఫిల్టరు మళ్లీ ఎక్కింది. పాత సైలెన్సర్ కూడా వెనక్కి వచ్చింది. అనీస్ దాన్ని చావు పని చేస్తున్నట్టు బిగించాడు. రెక్క దగ్గరికి వచ్చేసరికి మా ఆయన ఆగాడు.

"తీసేస్తే బోసిగా ఉంటుందేమో?"

"బిగించిన మరలు చూడండి."

చూశాడు. చేత్తో ఊపితే రెక్క ఊగింది. "ఇది దారిలోనే ఎగిరిపోయేది" అని తనే విప్పాడు. ఇప్పుడది మా మేడ మీద వడియాలు ఎండబెట్టడానికి చాలా బాగా పనికొస్తోంది. గాలి దాని మీద నుంచి చక్కగా జారిపోతుంది. ఆ మాత్రం ఫిజిక్సు దానిలో ఉంది.

కొత్త ప్యాడ్లని చక్రానికి అలవాటు చెయ్యాలి. వేగంగా వెళ్లి, పూర్తిగా ఆపకుండా నెమ్మదించి, మళ్లీ వేగం అందుకోవాలి. శనివారం పొద్దున ప్రత్తిపాడు రోడ్డులో మేమిద్దరం ఆ పని మీదే ఉన్నాం. పత్తి బేళ్లతో వస్తున్న ట్రాక్టరు మీంచి ఒకాయన అరిచాడు.

"ఏరా, నీ బండికి ఎక్కిళ్లొచ్చాయా? నీళ్లు పట్టించరా!"

ఆదివారం వాడరేవు గాలి ఉప్పగా ఉంది. ఫ్యాక్టరీ గేటు లోపల రంగురంగుల బండ్లు. ఒక్కోదానికి ఒక్కో రెక్క. మాది వాటి మధ్య తలంటు పోసుకున్న పిల్లాడిలా నిలబడింది. క్లబ్బువాళ్లు ప్రతి బండి కిందికీ వంగి చూశారు, బ్రేకు తొక్కించారు, లోపల ఏవీ వదులుగా లేవని తేల్చుకున్నారు. రెండు బండ్లని వెనక్కి పంపారు. మా ఆయన్ని పంపలేదు. హెల్మెట్ పెట్టుకుంటూ నావైపు చూశాడు. కాలేజీ ఐడెంటిటీ కార్డులో ఉన్న మొహమే.

ఆయన కంటే ముందు వెళ్లిన తెల్లబండి తిన్నని రోడ్డులో ఉరుముతూ వెళ్లింది. మలుపు దగ్గర చక్రాల నుంచి పొగ వచ్చింది. బండి తిరగలేదు. కోన్లని తోసుకుంటూ ఇసకలోకి దిగి, సరుగుడు తోటకి కాస్త ఇవతల ఆగింది. అబ్బాయి దిగి ప్యాంటు దులుపుకున్నాడు. దెబ్బలేమీ లేవు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. నా రెండు చేతుల్లోనూ జంతికల డబ్బా ఉంది.

తరవాత మా ఎర్రది కదిలింది. మొదటి మలుపు, రెండో మలుపు, ఆ తరవాత తిన్నని రోడ్డు. ఇంజిన్ ఒక్క క్షణం ఆలోచించింది. ఇక ఆలోచించనివ్వలేదు. ఎర్ర చుక్క చిన్నదవుతూ తోటవైపు పరిగెత్తింది. ఇప్పుడు తొక్కాలి. ఇప్పుడు. తొక్కండి బాబూ! వెనక లైట్లు వెలిగాయి. ముక్కు కిందికి వంగింది. వీపు మీద చరిస్తే ఆగిన పిల్లాడిలా బండి నిలదొక్కుకుని, కుడికి తిరిగి, నావైపు రావడం మొదలుపెట్టింది. జంతికల డబ్బా మూత ఎప్పుడు విరిగిందో నాకు తెలియదు.

గెలిచింది ఒంగోలు నుంచి వచ్చిన ఎవరో. మా ఆయన మధ్యలో ఎక్కడో ఉన్నాడు. ఆ సంగతి ఆయనకి వినిపించినట్టు లేదు. గీత దాటి, బండ్లు నిలిపే చోటుకి వచ్చి కూడా ఆపకుండా మనిషి నడిచేంత నెమ్మదిగా చుట్టూ తిరుగుతున్నాడు. హెల్మెట్ తీసేశాడు. జుట్టంతా తడిసిపోయింది.

"దిగరేమండీ?"

"ఆపకూడదు లక్ష్మీ! బ్రేకులు కాలిపోతున్నాయి. ఇప్పుడు తొక్కిపెట్టి ఆపితే పాడైపోతాయి. ఇలా తిరుగుతూ చల్లార్చాలి. చూశావా ఆ మలుపు? తోట దగ్గర? చివరిదాకా తొక్కలేదు తెలుసా, తెల్లబండి వాడికంటే ఆలస్యంగా తొక్కాను, అయినా పట్టుకుంది, ఇలా పట్టుకుంది!" అని స్టీరింగ్ మీద పిడికిలి బిగించి చూపించాడు.

"చూశాను."

"నాన్న ఉంటే... తిట్టేవాడు కదూ?"

"ముందు తిట్టి, తరవాత ఇంకోసారి తిప్పమనేవారు."

ఆయన గట్టిగా నవ్వాడు. కిటికీ పక్కనే నడుస్తూ ఒక జంతిక అందించాను. కొరుక్కుంటూ మొదటి మలుపు నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. చెప్పుల్లో ఇసక చేరింది, మడమలు మండుతున్నాయి. ఆ మాట అంటే నా కోసం బండి ఆపేస్తాడు. ఇంకో జంతిక ఇచ్చి, "అప్పుడేమైంది?" అంటూ పక్కనే నడిచాను.